చెవిలో సుడిపురుగు

నిన్న గీసిన నీలిగీతను ఎరుపు దాటేసింది.

మాసమ్మ చీర మోకాలి పైకి లాక్కుని మళ్లీ చూసుకుంది. గొర్రెకు గడ్డ లేస్తే దాని చుట్టూ రంగుతో గీత గీస్తారు. మర్నాటికి వాపు గీత లోపలే ఉంటే తగ్గుతున్నట్టు, దాటితే పెరుగుతున్నట్టు. తాతల నాటి పద్ధతి. నిన్న పొద్దున మాసమ్మ తన కాలిమీది మచ్చకూ అదే చేసింది, మందకు గుర్తులు వేసే రంగుతోనే. ఒక్క రోజులో ఎరుపు రెండు వేళ్ల మందం బయటికి పాకింది. మధ్యలో చర్మం తెల్లబడి, చుట్టూ వలయం మిగిలింది. నొప్పి లేదు, దురద లేదు. అదే ఆమెకు నచ్చలేదు.

"ఏమయ్యా, ఇట్ల రా."

మొగుడు జంగన్న వంగి చూశాడు. "తామర. ఇంత పసుపు రాయి."

"తామర ఒక్కనాడు ఇంత దూరం ఉరుకుతదా?"

తొమ్మిది రోజుల కింద సరిగ్గా అక్కడే ఆమెను గోమారి పట్టింది. గొర్రెల చెవుల్లో నెత్తురు తాగుతూ వేలాడే బొద్దు గోమారి కాదు, అడవి అంచు గడ్డిలో ఉండే నువ్వుగింజంతది. బీడీ నిప్పు అంటించి దాన్ని రాలగొట్టింది అతనే. నిన్నటినుంచి ఆమెకు సన్నగా జ్వరం, ఒళ్లు నొప్పులు. ఈ మధ్య నల్లమల అంచు ఊళ్లలో గోమారి జ్వరం గురించి గోడల మీద కాగితాలు అంటిస్తున్నారు.

"బండి తియ్యి" అంది మాసమ్మ.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ సుల్తానా ఆ వలయాన్ని చూసింది. నీలిగీతను చూసింది. స్కేలు పెట్టి కొలిచింది.

"ఈ గీత ఎవరు గీసిండ్రు?"

"నేనే మేడమ్. నిన్న పొద్దున."

"మంచి పని చేసినవ్. సగం వైద్యం నువ్వే చేసుకున్నవ్. గోమారిని ఎట్ల తీసిండ్రు?"

జంగన్న గర్వంగా చెప్పాడు. "బీడీతోని చురక పెట్టిన. టక్కున రాలింది."

"చురక పెడితే అది కడుపులున్నదంతా లోపలికి కక్కి రాలుతది. ఇంకోసారి పట్టుకారుతోని మెల్లగ గుంజు. బీడీ నువ్వే తాగు."

జంగన్న తల దించుకున్నాడు. సుల్తానా మాసమ్మ గుండె పరీక్ష చేయించి, గీతలు పడ్డ కాగితాన్ని వెలుతురులో పెట్టి చూసింది. కళ్లు గట్టిగా మూసుకోమంది, పళ్లు కనపడేలా నవ్వమంది.

"ఇది లైమ్ జ్వరం, గోమారి నుంచి ఎక్కే పురుగు తెచ్చేది. మొదట్లనే దొరికింది. గుండె మంచిగుంది, మొహం నరం మంచిగుంది. పెద్ద డాక్టర్లతోని ఇప్పుడు పని లేదు. పధ్నాలుగు రోజులు పొద్దుటికొకటి, మాపటికొకటి మాత్ర వేసుకో, అయిపోతది. నడుమ మూతి వంకర పోయినా, కండ్లు తిరిగి పడ్డా మాత్రం నా దాకా రాకు. సీదా పట్నం పోవాలె, నరాల డాక్టరు, గుండె డాక్టరు చూడాలె."

"రక్తం పరీక్ష?"

"ఇప్పుడు చేస్తే లేదనే చెప్తది. ఒంటికి ఆ పురుగు ఆనవాలు తెలిసేసరికి మూడు నాలుగు వారాలు పడ్తది. పరీక్ష కోసం కూసుంటే పురుగు నరాలల్లకు పోయి కూసుంటది. ఈ వలయం చాలు నాకు."

సుల్తానా మాత్రల పొట్లం అందించింది. మాసమ్మ చెయ్యి చాపలేదు. సంచిలోంచి ఒక కార్డు తీసి బల్లమీద పెట్టింది. దానిమీద ఎర్ర అక్షరాలు: 'ఈ వ్యక్తికి యాంటిబయాటిక్ ఇచ్చే ముందు తప్పనిసరిగా ఈ నంబరుకు ఫోన్ చేయండి.'

సుల్తానా కార్డు రెండు వైపులా చదివి, తలెత్తి ఆమె చెవుల వైపు చూసింది.

* * *

ఐదు నెలల కిందటి దాకా మాసమ్మ లోకంలో చప్పుడు లేదు.

పంతొమ్మిదో ఏట, కడుపుతో ఉండగా, మెదడు జ్వరం వచ్చింది. ప్రాణం నిలిచింది, చెవులు పోయాయి. చెవి నరాలే ఎండిపోయాయి కాబట్టి ఏ యంత్రం పెట్టినా లాభం లేదన్నారు. మూడు నెలలకు భూమిక పుట్టింది. కాన్పు గదిలో అందరూ నవ్వుతుంటే, పిల్ల నోరు తెరుచుకోవడం చూసి, ఏడుస్తోందని తెలుసుకుంది మాసమ్మ. ఆ తర్వాత పదకొండేళ్లు రాత్రిళ్లు బిడ్డ పొట్టమీద చెయ్యి వేసుకునే పడుకుంది. పొట్ట ఎగిరెగిరి పడితే ఏడుస్తున్నట్టు.

ఆఖరికి హైదరాబాదు పరిశోధనశాలలో డాక్టర్ ఇందుమతి ఆమెను సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది. గాజుపలక మీద స్ప్రింగులాంటి సన్నని జీవి మెలికలు తిరుగుతూ ఈదుతోంది.

"సుడిపురుగు అంటాం దీన్ని" అంది ఇందుమతి, పెదవులు చదవడానికి వీలుగా నెమ్మదిగా. "నరాల్లోకి ఈదుకుంటూ పోవడం దీని జాతి గుణం. రోగం చేసే గుణం తీసేశాను. చెవి వెనక ఎక్కిస్తే పోయి ఎండిన నరంలో చీమలబారులా ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. ఇవతలి చప్పుడు అవతలికి అందిస్తాయి."

"వద్దనుకుంటే?" అని అడిగింది మాసమ్మ. బతికున్న పురుగును ఒంట్లో పెట్టుకునే మనిషి అడగవలసిన ప్రశ్నే అది.

ఇందుమతి నవ్వింది. "తాళం పెట్టే ఉంచాను. ఏ ఊళ్లోనైనా దొరికే యాంటిబయాటిక్ చాలు, వారంలో అన్నీ చస్తాయి. మనిషిలో పెట్టేది మాత్రకు లొంగేదై ఉండాలి. అది నా నియమం. ఒక్కటి గుర్తుంచుకో. ఒకసారి ఇవి నీలో చస్తే ఒళ్లు వీటి ఆనవాలు పట్టేస్తుంది. రెండోసారి రానివ్వదు."

పంతొమ్మిదో రోజు పొద్దున, ఆసుపత్రి మంచం మీద, కిర్రుమంటూ ఏదో వినిపించింది. పైన ఫ్యాను. మాసమ్మ దాన్ని గంటసేపు విన్నది. తర్వాత ఇందుమతి ఫోను ఆమె చెవి దగ్గర పెట్టింది.

"అమ్మా, నేను భూమికను. వినబడ్తుందా? ఓ అమ్మా?"

పదకొండేళ్లుగా ఆమె ఊహించుకున్న గొంతు సన్నగా, తీయగా ఉండేది. ఇది బొంగురు గొంతు, అచ్చం పిల్ల మేనత్త గొంతు. ఊహించుకున్న గొంతు ఆ క్షణంలోనే మాయమైపోయింది. మాసమ్మకు మరి దాని అవసరం లేకపోయింది.

* * *

సుల్తానా ఫోనును స్పీకరులో పెట్టింది.

"వద్దు, మాత్ర ఇవ్వకండి" అంది ఇందుమతి గొంతు. "ముందు రక్తపరీక్ష చేసి నిర్ధారించుకుందాం. నమూనా నాకు పంపండి."

"ఇప్పుడు చేస్తే ఏమొస్తదో మీకు తెల్వదా డాక్టర్‌గారూ?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"వేరే మందు..."

"ఏ మందు? ఈ జ్వరం తెచ్చేది సుడిపురుగే, మీరు పెట్టింది సుడిపురుగే. ఒక తల్లి పిల్లలు. దాన్ని చంపేది దీన్ని విడిచిపెడ్తదా? ఉంటే చెప్పుండ్రి, ఇప్పుడే రాస్తా."

"నేను రేపు వస్తున్నాను" అంది ఇందుమతి. "దయచేసి రేపటిదాకా ఆగండి."

సుల్తానా ఫోను పెట్టేసి మాసమ్మ చేతిలో పొట్లం ఉంచి, వేళ్లు తనే మూసింది. "నా మాట మారదు. కానీ చెవులు నీవి. రేపు పొద్దుమూకేలోపు తేల్చుకో."

దారిలో, బండి వెనక కూర్చున్న మాసమ్మ పొట్లాన్ని కొంగున ముడివేసుకుంది. మంద కట్టిన చేను దగ్గర దిగాక జంగన్నే మొదలుపెట్టాడు.

"వేసేసుకో. చెవులు లేకుండ పన్నెండేండ్లు నడిచింది గదా."

"నీకు నడిచింది."

అతను తువ్వాలు దులిపి భుజాన వేసుకుని గొర్రెల వైపు పోయాడు.

బడి విడిచాక భూమిక నేరుగా మంద దగ్గరికే వచ్చింది. సంచి పడేసి, బొంగురు గొంతుతో ఒక్క ఊపున చెప్పుకుపోయింది. లెక్కల సారుకు జలుబు చేసింది, స్వప్న పెన్ను పోయింది, మధ్యాహ్నం గుడ్డు ఉడకలేదు. మాసమ్మ గుడ్డు గురించి రెండోసారి అడిగి చెప్పించుకుంది. పొట్లం కొంగుముడిలోనే ఉంది.

* * *

మర్నాడు మధ్యాహ్నం చేను గట్టు దగ్గర కారు ఆగింది. ఇందుమతి ఒక్కతే దిగింది, చేతిలో చిన్న ఐసుపెట్టెతో. మోదుగ నీడలో ఇద్దరూ కూర్చున్నారు. జంగన్న చెంబుతో నీళ్లిచ్చి పక్కన నిలబడ్డాడు.

ఇందుమతి మాసమ్మ కాలిమీది వలయం చూసింది. రెండో నీలిగీత మాసమ్మ ఈ పొద్దున్నే గీసుకుంది. అప్పటికే ఎరుపు దాన్ని అంటుకుని ఉంది. ఇందుమతి ముఖంలో ఏదో కూలింది.

"సుల్తానాగారు చెప్పింది నిజం. ఇది అదే. నిన్న ఫోనులో నీ కోసం కాదు, నా పని కోసం మాట్లాడాను. క్షమించు." పెట్టె మూత తీసింది. లోపల వేలెడు సీసా. "ఇందులో ఉన్నదీ సుడిపురుగే. దీనికి తాళం లేదు, మాత్రకు చావదు. నియమానికి విరుద్ధంగా చేసి, ఎవరికీ చెప్పకుండా దాచాను. ఇది ఇవాళ నీకు ఎక్కిస్తాను. రేపట్నుంచి మాత్రలు వేసుకో. రోగం పోతుంది, పాతవి పోతాయి. ఇవి ముందే నరంలో చేరి ఉంటాయి గనక నిలుస్తాయి. వినికిడి పోదు."

జంగన్న నోరు తెరిచాడు. "గిట్లాంటిది ఉన్నప్పుడు నిన్ననే చెప్పొద్దా మేడమ్!"

"దీనికి అనుమతి లేదు. తెలిస్తే నన్ను పరిశోధనశాలలో అడుగుపెట్టనివ్వరు. పోనీ. మాసమ్మా, నా పనివల్ల మొదట విన్నది నువ్వే. ఆ ఫ్యాను చప్పుడుకు నువ్వు ఏడ్చావు చూడు..."

మాసమ్మ సీసా తీసుకుని ఎండలో పట్టుకుంది. నీళ్లలాగే ఉంది. అందులో భూమిక గొంతు ఉంది. రేపటిది, ఎల్లుండిది, పెళ్లినాటిది, మనవళ్లను అరిచేది. ఊఁ అంటే చాలు. గొంతుదాకా వచ్చింది కూడా.

"మాత్రకు చావని గుణం దీనికెక్కడిది?" అని అడిగింది.

"మేం పెట్టాం."

"నా ఒంట్ల ఇప్పుడు గోమారి పురుగు కూడ ఉన్నది గదా. ఈ రెండు కలుస్తయా? ఇది తన గుణం దానికిస్తదా?"

ఇందుమతి "లేదు" అంది.

పన్నెండేళ్లు ముఖాలు చూసే బతికిన మనిషి మాసమ్మ. చెవులు వచ్చినంత మాత్రాన కళ్లు మొద్దుబారలేదు. ఆమె చూస్తూ ఉంది. ఇందుమతి చూపు తిప్పుకుంది.

"ఇస్తుంది. ఇవి ఒకదానికొకటి ముక్కలు అందించుకుంటాయి. చాలా అరుదుగా. లక్షలో ఒకటి."

"నా ఒంట్ల ఎన్ని ఉన్నయి?"



గొర్రెలు కునుకు తీస్తున్నాయి. మాసమ్మ సీసాను మెల్లగా పెట్టెలో పెట్టేసింది.

"నా చిన్నప్పుడు మా నాయిన మందల పారుడు రోగం వచ్చింది మేడమ్. రోజుకు నాలుగైదు పడేవి. రోగమున్న మందల కొత్త జీవాన్ని కలపొద్దంటరు. అంగట్ల మంచి పొట్టేలు కనబడితే ఆగలేక తెచ్చి కలిపిండు. అది గట్టిది. తుమ్మలే, దగ్గలే. మా మంద సగం పోయింది గని దానికేం కాలే. మా నాయిన సంబురపడి మా మేనమామ మందకు ఇచ్చిండు. అది రోగాన్ని మోసుకపోయి ఆడ నిలబడ్డది. నెలకు మా మేనమామ దొడ్డిల ఒక్క గొర్రె లేదు. పొట్టేలొక్కటే నెమరేసుకుంట నిలబడ్డది."

"నువ్వు గొర్రెవి కాదు మాసమ్మా."

"గోమారికి నేను గొర్రెనే." మాసమ్మ గడ్డివైపు చూపించింది. "రేపు ఇంకోటి నన్ను పట్టి, నా నెత్తురు తాగి, ఆ గడ్డిల పడ్తది. మా మందొక్కటే తిరుగుతదా ఈడ? చెంచు పిల్లలు తేనెకు పోతరు. నా బిడ్డ రేగుపండ్లకు పోతది. వాళ్ల కాలిమీద ఈ వలయం లేస్తే సుల్తానా మేడమ్ ఏ మాత్ర ఇస్తది? చెప్పు. నువ్వే డాక్టరువు గదా."

ఇందుమతి చేతులు పెట్టె మీద బిగుసుకున్నాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయితే సీసా వద్దు. మాత్రలే వేసుకో. కానీ ఒక్క వారం ఆగు. ఒక్క వారం కడుపునిండా విను. వారంతో ఏం మునిగిపోదు."

ఆ మాట దగ్గరే మాసమ్మ ఓడిపోబోయింది. సీసా కన్నా అది పెద్ద ఆశ. వారం అంటే ఎన్ని మాటలు! కాలివైపు చూసుకుంది. వారం అంటే ఏడు నీలిగీతలు. ఏడోది ఎక్కడిదాకా వస్తుందో ఎవరికి తెలుసు? మూతి వంకరపోయిన తల్లిని బిడ్డ చూడాలి. పొలంలో పడిపోయిన తల్లిని ఆ బిడ్డే లేపాలి.

కొంగుముడి విప్పింది. మాత్ర నోట్లో వేసుకుని, అలవాటుగా పక్కనున్న మజ్జిగ ముంత అందుకుంది. జంగన్న చెయ్యి పట్టుకున్నాడు.

"పాలు, మజ్జిగ వద్దన్నది గదా డాక్టరమ్మ. మందు పనిచెయ్యదంట. నీళ్లు తాగు. ఇంకా... ఎండల తిరగొద్దన్నది."

"గొర్లు కాసేటోళ్లకు ఎండ వద్దంట" అంది మాసమ్మ, నీళ్లతో మాత్ర దింపుకుంటూ. "రేపు గడ్డి వద్దంటరు."

ఎవరూ నవ్వలేదు. ఇందుమతి పొద్దుగూకేదాకా అక్కడే కూర్చుని, సీసా తెచ్చిన దారినే తీసుకుని వెళ్లిపోయింది.

* * *

మొదట సన్నని చప్పుళ్లు పోయాయి. రెండో రోజు పిచ్చుకలు. మూడో రోజు గొర్రెపిల్లల మెడగంటలు. అవి ఊగుతూ కనబడుతున్నాయి, మోగడం లేదు. మాసమ్మ ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజుకు జ్వరం తగ్గింది. ఎరుపు వెనక్కి జరిగి నీలిగీత లోపలికి వచ్చింది.

ఆ సాయంత్రం జంగన్న ఆమె పక్కన కూర్చుని, గొంతు సవరించుకుని, ఒగ్గు కథల్లో వినే బీరప్ప పాట ఒకటి ఎత్తుకున్నాడు. పెళ్లయ్యాక ఎన్నడూ పాడని మనిషి. రెండు చరణాలు పాడి, చెవులు ఎర్రబడి ఆగాడు.

"ఎట్లుంది?"

"చెవులు పోతున్నయని మొదటిసారి సంతోషమైంది" అంది మాసమ్మ.

అతను పగలబడి నవ్వాడు. ఆమెకు అది దూరంగా, బావిలోంచి వచ్చినట్టు వినిపించింది. జరిగి అతని భుజానికి తల ఆనించింది, నవ్వు ఎముకల్లోంచైనా అందుతుందని.

భూమికతో మాత్రం కుదరలేదు. ఎప్పుడూ వాగే పిల్ల, "ఏదన్న మాట్లాడు బిడ్డా" అనగానే మూగదైపోయింది. "ఏం మాట్లాడాలె?" అంది. పాఠం చదువుతానంది. భూభ్రమణం గురించి ఒక పేజీ చదివి పుస్తకం మూసేసింది. తర్వాత రెండు రోజులు తల్లి కంట పడకుండా తిరిగింది.

ఆరో రోజు ఆదివారం. మధ్యాహ్నం మాసమ్మ గొర్రెపిల్లలకు నీళ్లు పెడుతుంటే భూమిక వచ్చి ఎదురుగా నిలబడింది. ముఖం ఉబ్బి ఉంది.

"నన్ను అడగలే నువ్వు!" అంది. "నాయినను అడిగినవ్. డాక్టరమ్మను అడిగినవ్. హైదరాబాద్ మేడమ్‌ను అడిగినవ్. చెంచు పిల్లల గురించి ఆలోచన చేసినవ్. నన్ను అడిగినవా?"

బొంగురు గొంతు, కోపంతో ఇంకా బొంగురైంది. ఆ గొంతు ఇంకా ఉంది. మాసమ్మ బకెట్టు కింద పెట్టింది.

"లేదు" అంది. "అడగలే."

"రెండో తరగతిల నాకు జరమొచ్చింది. నీళ్లు కావాలె అని పిలిచిన. శానాసేపు పిలిచిన. నువ్వు అటు తిరిగి పండుకున్నవ్. నేనే లేచి పోయి తాగిన. నాయినకు కూడ చెప్పలే. మొన్న నీకు చెవులొచ్చినంక ఒకనాడు ఊకెనే పిలిచి చూసిన. పొయ్యికాడ ఉన్నవ్. మెల్లగ అన్న, అమ్మా అని. నువ్వు 'ఆఁ' అన్నవ్. నాకు ఎంత..."

మాట అక్కడ తెగింది.

పిల్ల ఆగలేదు. చప్పుడు ఆగింది. గాలి ఆగింది, గొర్రెల అరుపు ఆగింది, ఒక తలుపు మూసినట్టు. భూమిక పెదవులు కదులుతూనే ఉన్నాయి. ముక్కు చీదుకుని, వేలు చూపించి, కాలు నేలకేసి కొట్టి, పదకొండేళ్లదంతా కక్కుతోంది. తల్లి చెవులు మూతపడ్డ సంగతి పిల్లకు తెలియలేదు.

మాసమ్మ కదలలేదు. ఇప్పుడు చెబితే పిల్ల ఆగిపోతుంది. ఈ మాటలు మళ్లీ ఎన్నటికీ రావు. తన నీడ బిడ్డ ముఖం మీద పడుతోందని గమనించి, ఒక్క అడుగు పక్కకు జరిగింది. ఎండ వెలుగు ఆ చిన్న పెదవుల మీద పడింది. ప్రతి అక్షరం కనబడింది.

కొంతసేపటికి భూమిక అనుమానంగా ఆగింది. తల్లి కళ్లలోకి చూసింది. పెదవులు అడిగాయి. 'వింటున్నవా?'

"వింటున్న" అంది మాసమ్మ. "ఆపకు బిడ్డా. చెప్పు."